సమ్మెలో ఎక్కిన గుట్ట, దిగిన చెల్క

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు మా బడికి తాళం పడింది. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలోకి దిగిన రోజులు. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. ఆఫీసులు తెరుచుకోలేదు. మేము కూడా సుద్దముక్క ముట్టబోమని సంతకాలు పెట్టాం. రోజూ పదింటికల్లా చందుర్తిలో టెంటు కిందికి చేరాలి, సాయంత్రం నాలుగింటిదాకా కూర్చోవాలి. మొదటి వారం రక్తం ఉడికింది. రెండో వారం నడుము నొప్పి మొదలైంది. మూడో వారానికి ఏ సారు ఏ ఉపన్యాసంలో ఎక్కడ దగ్గుతాడో కూడా మాకు తెలిసిపోయింది.

మా బడి రుద్రంగికీ చందుర్తికీ నడుమ, రోడ్డుకు కొంచెం లోపలికి ఉన్న ఊళ్లో ఉంది. బడిలో ఆడ టీచర్లం ముగ్గురమే. హెడ్మాస్టరును మేము పెద్దమేడం అనేవాళ్లం. ఆమెది సిరిసిల్ల. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ సాంచెల ఇళ్లే. పుట్టినప్పటి నుంచి ఆ మరమగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడటం అలవాటై, మెల్లగా మాట్లాడటమన్నది ఆమెకు రానేరాదు. గుసగుసలాడితే పక్క క్లాసు పిల్లలు లేచి నిలబడేవారు. రెండో ఆమె హిందీ మేడం. జగిత్యాల పిల్ల, నా కన్న ఏడాది చిన్నది. కోరుట్లలో మా ఇంటి పై గదిలో కిరాయికి ఉండేది. మూడోదాన్ని నేను. నాది కోరుట్ల, చెప్పేది జీవశాస్త్రం. లెక్కల సారు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. ఆ పీరియడ్‌లో పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తూ ఉండేవారు, మేము వంతులవారీగా వెళ్లి గోల చేయవద్దని చెప్పి వస్తూ ఉండేవాళ్లం.

గుట్ట ఎక్కాలన్న బుద్ధి హిందీ మేడానికి పుట్టింది. మా బడి వెనకాల ఉన్న గుట్టే అది. పెద్ద ఎత్తేమీ కాదు గానీ పైన నున్నటి బండ ఒకటి బోర్లించిన గంగాళంలా కూర్చుని ఉంటుంది. ఆ బండ మీద జెండా పాతితే రోడ్డు మీద పోయే వాళ్లందరికీ కనిపిస్తుందని ఆమె టెంటులో లేచి ప్రకటించింది. మా సమ్మె కమిటీ కన్వీనర్ సారు ఎంతో సంతోషించాడు. ఆయన పక్క ఊరి బడిలో లెక్కల పంతులు. టెంటులో కూడా హాజరు పట్టిక పెట్టి, పేరు పిలిస్తే చెయ్యెత్తమనే మనిషి. ఆయన తన చేతులతో జెండా, కట్టె ఇచ్చి, రేపు మీ ముగ్గురికీ టెంటు నుంచి సెలవన్నాడు.

అసలు సంగతి ఆయనకు తెలియదు. అది సీతాఫలాల కాలం. ఆ గుట్ట బడి వైపు వాలంతా సీతాఫలం చెట్లే. పెద్దమేడానికి షుగరు. సీతాఫలం పేరు కూడా ఎత్తవద్దని డాక్టరు చెప్పాడట. ఆమె పేరు ఎత్తేది కాదు, తినేది అంతే. ఇంట్లో భర్త కాపలా కాస్తాడు కనుక, ఆ నెల అంతా ఆమె బయట దొరికేవాటి మీదే ఆశపెట్టుకుని ఉంది.

ఒక చిక్కు ఉంది. గుట్ట నెత్తి మాత్రమే సర్కారుది. కింది సగం చుట్టూ పట్టా చెల్కలు, వానకు పండే మెట్ట భూములు. ఎవరో ఒకరి చెల్క తొక్కకుండా పైకి పోయే దారి లేదు. బడి వైపు నుంచి దగ్గరి దారి ఉంది గానీ అది ఒకామె చెల్కలోంచి పోతుంది. భర్త దుబాయిలో ఉన్నాడు. నాలుగెకరాలు ఒంటిచేత్తో చేస్తుంది. పశువుల వాళ్లు మక్క తొక్కారని, కంకులు తెంపారని, గ్రానైటు వాళ్లు టేపు పట్టుకుని తిరిగారని విసిగిపోయి, గెట్టు మీది బండకు సున్నంతో ‘ఇటు రావద్దు’ అని రాయించింది. ఊళ్లో మగవాళ్లు కూడా ఆ రాతను గౌరవించేవారు. సీతాఫలం చెట్లన్నీ సరిగ్గా ఆ బండ వెనకాలే ఉన్నాయి.

అందుకని మేము గుట్ట చుట్టూ తిరిగి వెనక నుంచి ఎక్కాం. అటు వైపు ఒక ముసలాయన పత్తి చేను ఉంది. పెద్దమేడం తన కొడుకు బూట్లు వేసుకొచ్చింది. అవి ఒక సైజు పెద్దవి. చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేతిలో జెండా కట్టె పట్టుకుని ఆమె ముందు నడుస్తుంటే ముసలాయన పత్తి సాళ్లలోంచి లేచి దండం పెట్టాడు. తన చేను తొక్కితే ఫికరు లేదన్నాడు. పోతూ ఉంటే మాత్రం వెనక నుంచి ఒక మాట చెప్పాడు.

“పోండ్రి గని, దిగేటప్పుడు గిట్లనే మర్లి రాండ్రి మేడం. అటు దిగకుండ్రి. ఆమె ఉంటది.”

అలాగేనని తలలూపాం.

ఎక్కడం మేము అనుకున్నంత సులువు కాలేదు. మొదట కంప, తర్వాత జారుడు గులకరాళ్లు, ఆపైన రెండు బండల నడుమ ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులో పెద్దమేడం ఇరుక్కుంది. కింద నుంచి నేను నెట్టాను, పైనుంచి హిందీ మేడం లాగింది. ఆమె నడుమ ఆగి, తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఇన్స్‌పెక్షన్లోనూ ఇంత ఇబ్బంది పడలేదని చెప్పింది. ఆమె నవ్వింది, మేమూ నవ్వాం. నవ్వితే చేతుల్లో బలం పోయి మళ్లీ మొదటి నుంచీ నెట్టాల్సి వచ్చింది.

నెత్తిన గాలి కమ్మగా ఉంది. జెండా కట్టెను బండ పగులులో దిగ్గొట్టి చుట్టూ రాళ్లు పేర్చాం. కింద మా బడి అగ్గిపెట్టెలా కనిపించింది. ప్రేయర్ జరిగే చోట గడ్డి లేచింది. అంత పైనుంచి కూడా గడ్డి కనిపించిందంటే ఎంత పెరిగిందో అనుకున్నాను. పెద్దమేడం అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని చూస్తూ, వరండా నిండా పచ్చగా కనిపించేది ఏమిటని అడిగింది. మక్కలు. ఎవరో మా బడి వరండాలో మక్కలు ఎండబోశారు.

ఆమె కోపం కట్టలు తెంచుకుంది. సమ్మెలో ఉన్నాం కనుక వెళ్లి అడిగే హక్కు ఉందో లేదో తేల్చుకోలేక ఇంకా మండిపడింది. ఆ కోపంలోనే, ముసలాయనకు ఇచ్చిన మాట పక్కనబెట్టి, ముందు వైపు నుంచి దిగుదామంది. కోపం ఒక సాకు మాత్రమేనని నాకు అప్పుడే తెలుసు. ముందు వైపు నుంచి పండిన సీతాఫలాల వాసన వస్తోంది.

సగం దిగేసరికి చెట్లు వచ్చాయి. కండ్లు తెరిచిన కాయలు కొమ్మ కొమ్మకూ వేలాడుతున్నాయి. చిలకలు కొట్టినవి కిందపడి ఉన్నాయి. మొదట కిందపడ్డవే ఏరుకుంటామని మాకు మేం చెప్పుకున్నాం. ఆ నియమం అయిదు నిమిషాలు నిలిచింది. తర్వాత హిందీ మేడం కొమ్మ వంచింది, నేను తెంపాను, పెద్దమేడం కొంగు పట్టింది. చెట్టు మీదే మాగిన కాయ ఒకటి దొరికితే ఆమె అక్కడే బండ మీద కూర్చుని రెండు చేతులా విప్పి తినసాగింది. తింటూ, చప్పుడు చేయవద్దని మాకు గుసగుసగా చెప్పింది. ఆమె గుసగుస గుట్టకు తగిలి తిరిగొచ్చింది.

కింద మక్కచేనులో ఆకులు గలగలమన్నాయి. తలకు తువ్వాల చుట్టుకున్న ఆడమనిషి ఒకతె చేతిలో కొడవలితో గెట్టు మీదికి వచ్చి నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. పెద్దమేడం మూతి చుట్టూ అంటిన గుజ్జును మరికొంచెం సేపు చూసింది.

“బడిల పిల్లలు దొంగతనం జేస్తె మీరేం శిచ్చ ఏస్తరు మేడం?” అని అడిగింది.

హిందీ మేడం పట్టుకున్న కొమ్మ వదిలేసింది, అది లేచి నా చెంపకు కొట్టింది. పెద్దమేడం మాత్రం హెడ్మాస్టరు. కొంగులో పండ్లున్నా సరే లేచి నిలబడి, ఎదురు ప్రశ్న వేసింది. బడి వరండాలో మక్కలు ఎవరివని అడిగింది.

తనవేనని ఆమె ఒప్పేసుకుంది. బడి బందున్నది కదా, వాన పడితే తడవకుండా ఉంటాయని పోశానని చెప్పింది.

“మా జాగల మీ మక్కలు, మీ జాగల మేము. చెల్లుకు చెల్లు” అన్నది పెద్దమేడం.

“నా మక్కలు మీయేం తినలేదు గద మేడం” అన్నది ఆమె.

పెద్దమేడం కొంగులోని పండ్లన్నీ మెల్లగా గెట్టు మీద పెట్టింది. చెల్కావిడ వాటి వైపు చూడనైనా చూడలేదు. కొడవలి నడుముకు దోపుకుని మమ్మల్ని మంచె దగ్గరికి రమ్మన్నది. మేము వరసగా, తలలు వంచుకుని, ఆమె వెనక నడిచాం. మంచె కింద నీడలో మా పదో తరగతి పిల్ల ఒకతె కూర్చుని మక్కకంకుల పొట్టు తీస్తోంది. మమ్మల్ని చూసి ఠక్కున లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆ పిల్ల ఈమె బిడ్డ అని నాకు అప్పటిదాకా తెలియదు.

తల్లి మా శిక్ష అక్కడ చెప్పింది. పిల్ల పబ్లిక్ పరీక్ష రాయాలి, లెక్కలు ఒక్క ముక్క రావు. మాలో ఎవరైనా సరే వచ్చి లెక్కలు చెప్పాలి. చెబితే ఈ దారిన ఎన్నిసార్లైనా గుట్ట ఎక్కొచ్చు, ఎన్ని పండ్లైనా తెంపొచ్చు.

పెద్దమేడం నిజంగా ఇరుకున పడింది. పాఠం చెప్పబోమని సంతకం పెట్టిన వాళ్లం, రాష్ట్రం కోసం జీతాలు వదులుకుని కూర్చున్న వాళ్లం, ఇప్పుడు చాటుగా పాఠం చెబితే ఏం మర్యాద అని నచ్చజెప్పింది. తల్లి అంతా విన్నది.

“మీ సమ్మె సర్కారు మీద గద మేడం. నా బిడ్డ మీదనా?” అన్నది. కొంచెం ఆగి, “బడి నడిసినప్పుడు సుత లెక్కల సారు లేకపాయె. అప్పుడు ఏం సమ్మె ఉండె?” అని అడిగింది.

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పెద్దమేడం నా వైపు తిరిగింది. ఇంటర్‌లో లెక్కలు చదివావా అని అడిగింది. నేను బైపీసీ అని చెప్పాను. హిందీ మేడం అంతకు ముందే మంచె నిట్టాడు వెనక్కి జరిగింది. చివరికి శిక్ష నా మీద పడింది.

ఆ రోజు సాయంత్రం టెంటులో కన్వీనర్ సారు మైకు పట్టుకుని మా ముగ్గురినీ ఆకాశానికి ఎత్తాడు. ముళ్లనూ రాళ్లనూ లెక్కచేయక ముగ్గురు ఆడబిడ్డలు శిఖరాన జెండా పాతారన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దమేడం తల వంచుకుని కూర్చుంది. అది వినయమని అందరూ అనుకున్నారు. ఆమె సంచిలో ఎనిమిది సీతాఫలాలు ఉన్నాయి. వచ్చేటప్పుడు ఆమెకు ఆ చెల్కావిడే కట్టిచ్చింది.

తర్వాత నాలుగు రోజులకొకసారి మేము గుట్టకు పోసాగాం. గాలికి జెండా వాలిందని ఒకసారి, రంగు వెలిసిందని ఒకసారి. కొన్నాళ్లకు జెండాకు అంత సేవ ఎందుకని అడగడం కూడా అందరూ మానేశారు. ముసలాయన చేను వైపు నుంచి ఎక్కి, జెండా సరిచేసి, చెల్కలోకి దిగేవాళ్లం. అప్పటికి ఆ చుట్టుదారి మా కాళ్లకు అలవాటైంది. సందులో పెద్దమేడం ఇరుక్కోవడమూ మానేసింది. అదంతా నడక వల్లేనని, షుగరు కూడా తగ్గిందని ఆమె చెప్పేది. మంచె కింద నేను పిల్లకు లెక్కలు చెబుతుంటే, ఆ తల్లి మిగతా ఇద్దరి ముందూ కంకుల కుప్ప పోసేది. ఊరికే కూర్చుంటే నిద్రొస్తుందన్నది ఆమె చెప్పే కారణం. హిందీ మేడం గోళ్లు విరిగాయి.

నేను ముందు రోజు రాత్రి పుస్తకం చదువుకుని వచ్చి మరునాడు చెప్పేదాన్ని. బీజగణితం ఎలాగో గట్టెక్కించాను. త్రికోణమితి దగ్గర నా పని అయిపోయింది. పిల్ల మర్యాదస్తురాలు. నేను చెప్పింది తప్పో ఒప్పో గానీ తలూపుతూ రాసుకునేది.

బతుకమ్మ రోజులు వచ్చాయి. ఆ వారం కన్వీనర్ సారు తనూ మాతో పాటు జెండా దగ్గరికి వస్తానన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. కాళ్లు నొప్పి పుడతాయని చెప్పాం, పాములున్నాయని చెప్పాం. మేమేదో తన క్లాసు పిల్లలమైనట్టు, మేము అంత కష్టపడితే తను చూడకపోవడం బాగుండదన్నాడు. ఎక్కేటప్పుడంతా మేము ముగ్గురం చూపులతోనే మాట్లాడుకున్నాం. నెత్తిన ఆయన జెండాకు నమస్కారం పెట్టి, చుట్టూ చూసి, ముందు వైపు దారి దగ్గరగా ఉన్నట్టుంది కదా, అటు దిగుదామన్నాడు. ఆ దారి అంతా ముళ్లని పెద్దమేడం చెప్పింది. ఇన్నాళ్లూ నడిచి నడిచి మేము చేసిన బాట తెల్లగా కింది దాకా కనిపిస్తోంది. ఆయన దాని వెంట చకచకా దిగిపోయాడు.

మంచె కింద పిల్ల చాప పరుచుకుని, పుస్తకాలు పేర్చుకుని, పెన్సిలు చెక్కుకుని మా కోసం సిద్ధంగా కూర్చుని ఉంది.

కన్వీనర్ సారు ఆగాడు. ఏందిది అన్నట్టు మా వైపు తిరిగాడు. మేము బతుకమ్మకు గునుగు పువ్వు కోసుకోవడానికి వచ్చామని పెద్దమేడం గట్టిగా చెప్పింది. గునుగు పువ్వు గెట్టు పొడుగునా ఉంది, అది నిజమే. చాప మీద నోటుబుక్కు మాత్రం తెరిచి ఉంది. ఆయన వంగి తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు. మొదటి పేజీల్లో పిల్ల రాత, పక్కన ఎర్ర పెన్నుతో నా రాత. మరునాడు టెంటులో అందరి ముందూ మా పేర్లు ఎలా చదువుతాడో ఊహించుకున్నాను. ద్రోహం అన్న మాట అప్పట్లో మైకులో చాలా సులువుగా వచ్చేది.

ఆయన ఒక పేజీ దగ్గర ఆగి కళ్లజోడు సవరించుకున్నాడు.

“గిదెవలు చెప్పిన్రు?” అని అడిగాడు.

నేనని చెయ్యెత్తాను. టెంటులో హాజరు పిలిచినప్పుడు ఎత్తే అలవాటు.

“ఎదుటి భుజం ఏదో, ఆసన్న భుజం ఏదో తారుమారు చేసినవు తల్లీ. గీ లెక్కన చేస్తె గుట్ట కన్న తాటిచెట్టు ఎత్తయితది.”

చాప మీద కూర్చున్నాడు. పిల్ల చేతిలోంచి పెన్సిలు తీసుకున్నాడు. గుట్టను, బడిని, మధ్య దూరాన్ని గీసి, పిల్లను లేపి ఊర్ధ్వకోణం అంటే ఏమిటో గుట్ట మీది జెండాను చూపించి చెప్పాడు. గంట గడిచింది. తల్లి ఎవరీ సారని అడగలేదు. ఆయన ముందు కూడా ఒక కంకుల కుప్ప పోసింది. ఆయన ఒక చేత్తో పొట్టు తీస్తూ రెండో చేత్తో లెక్క చెప్పాడు.

నలుగురం తిరుగుదారి పట్టాం. రోడ్డు ఎక్కబోతూ పెద్దమేడం ఉండబట్టలేక, ఈ సంగతి కమిటీకి చెబుతారా అని అడిగింది.

“సమ్మెల పాఠాలు చెప్పద్దని తీర్మానం చేసినం” అన్నాడు ఆయన. “తప్పులు దిద్దద్దని చెయ్యలే.”

ఆ తర్వాత ఆయన జెండా సేవ మాకన్న ఎక్కువ చేశాడు. నేను మంచె కింద కంకులు వొలిచే పనికి మారాను.

సమ్మె ముగిసింది. బడులు తెరిచారు. పోయిన రోజులన్నిటికీ ఆదివారాలు, సెలవులు కలిపి పాఠాలు చెప్పమన్నారు. గుట్ట మీదికి పోయే తీరిక మళ్లీ దొరకలేదు. తరగతిలో ఆ పిల్ల ఏమీ జరగనట్టే ఉండేది. పరీక్షలో లెక్కలు పాసైంది. గొప్ప మార్కులేమీ కావు, పాసు.

మరుసటి వానాకాలం, మా బడికి లోకల్ సెలవున్న ఒక పొద్దున, రుద్రంగిలో ఏదో పని చూసుకుని షేర్ ఆటో ఎక్కితే ఎదురు సీటులో ఆ పిల్ల కనిపించింది. కోరుట్లలో ఇంటర్ కాలేజీలో చేరిందట. మోకాళ్లు తగిలేంత ఇరుకులో కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. తల్లి కులాసా అడిగాను. ఎంపీసీయే తీసుకుని ఉంటుందని అనుకుంటూ ఏ గ్రూపని అడిగాను. సీఈసీ అన్నది. నేను ఆశ్చర్యపోయాను.

“లెక్కలంటె నాకు మొదటినుంచి ఇష్టం లేదు మేడం” అన్నది పిల్ల.

అంత శ్రద్ధగా కూర్చుని చెప్పించుకున్నావు కదా అన్నాను.

పిల్ల బయటికి చూసి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నవ్వు దాచుకుంది.

“శిచ్చ పడ్డది మీకు గద మేడం. నేను కూసోనంటె మా అవ్వ మిమ్ముల ఇంక ఏం పనికి పెడ్తదోనని కూసున్న.”

ఆటోలో మిగతా నలుగురూ మా వైపు తిరిగి చూశారు. పిల్ల కాలేజీ దగ్గర దిగిపోయింది. నేను ఇంటిదాకా ఒంటరిగా నవ్వుకుంటూ పోయి, పై గదికి వెళ్లి హిందీ మేడానికి చెప్పాను. ఆమె వెంటనే సిరిసిల్లకు ఫోను కలిపింది. అటు నుంచి పెద్దమేడం నవ్వు స్పీకరు పెట్టకుండానే గది అంతా వినిపించింది.